చొక్కా జేబులో 720 మిల్లీమీటర్లు

విశాఖలో చూడదగ్గవి చాలా వరకు దూరంగానే ఉంటాయి. ఆర్కే బీచిలో నిలబడితే, బెర్తు కోసం లంగరు వేసుకున్న ఓడలు ఎక్కడో నీటి అంచున కనిపిస్తాయి. యారాడ కొండ, దాని మీది లైట్‌హౌస్ రేవుకు ఆవలి పక్క. సెల్‌ఫోను ఎత్తి నొక్కితే ఫొటో నిండా ఆకాశం, సముద్రం. ఓడ మాత్రం చుక్క. ఇలాంటి ఊరికి సరిగ్గా తూగే వస్తువు ట్రావెల్ జూమ్ కెమెరా. ఆ రకంలో నాకు బాగా నచ్చింది 2018లో వచ్చిన సోనీ సైబర్‌షాట్ హెచ్‌ఎక్స్99. దాని గుణగణాల పట్టిక చాంతాడంత ఉంటుంది: 4కే వీడియో, సెకనుకు పది ఫొటోలు, సెల్ఫీకి పైకి మడిచే టచ్ తెర, వైఫై, రా ఫైళ్లు. పట్టిక చూసి మురిసిపోయేవాళ్లు మురిసిపోవచ్చు. నా మటుకు దాని గొప్పతనమంతా లెన్సు ముడుచుకునే తీరులో, వ్యూఫైండర్ పైకి లేచే తీరులో ఉంది.

ముందు లెన్సు సంగతి. బాడీ వెడల్పు 102 మిల్లీమీటర్లు, ఎత్తు 58, మందం 35.5. బ్యాటరీ, కార్డు కలిపి 242 గ్రాములు. ఇందులోంచి జైస్ పేరు మోసిన వేరియో-సొనార్ లెన్సు బయటికొచ్చి, ఫిల్ము కెమెరా లెక్కలో 24 నుంచి 720 దాకా సాగుతుంది. ముప్పై రెట్లు. పెద్ద కెమెరాకి 600 లెన్సు తగిలించుకుని పక్షుల వెంట తిరిగేవాళ్లను అడగండి, ఈ మాట విలువ వాళ్ల భుజాలే చెబుతాయి. ఇక్కడి కిటుకు సెన్సరులో ఉంది. అది సుమారు 6.2 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 ఎత్తు, అంతే. సెన్సరు అంత చిన్నది కాబట్టి 720 చేసే పని ఇక్కడ 123 మిల్లీమీటర్ల లెన్సుతోనే అయిపోతుంది. అయినా 123 తక్కువేం కాదు, దాన్ని 35 మిల్లీమీటర్ల మందంలో దాచాలి కదా! ఇలాంటి లెన్సులో ఒకదానిలో ఒకటి ఇమిడే గొట్టాలుంటాయి. వాటి గోడల్లో మెలి తిరిగిన గాడులు, గాడుల్లో జారే పిన్నులు. చిన్న మోటారు తిప్పగానే గాజు బిళ్లల గుంపులు ఏ గుంపుకా గుంపు తన దారిన, తన వేగంతో కదలాలి. గాడిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా బొమ్మ ఒక పక్క మసకబారుతుంది. స్విచ్చు వేసిన ప్రతిసారీ ఇదంతా విప్పుకోవాలి, తీసేసిన ప్రతిసారీ ముడుచుకోవాలి.

720 దగ్గర చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది. లోపలి సెన్సర్లు ఆ వణుకును పసిగట్టి, ఒక గాజు గుంపును దానికి ఎదురుగా జరుపుతాయి. ఎంత జరిపినా ఊపిరి బిగపట్టి నొక్కడం మన వంతు.

ఇంతకీ 720 అంటే ఏమిటి? అక్కడ ఫ్రేము వెడల్పు, మనకీ వస్తువుకీ ఉన్న దూరంలో సుమారు ఇరవయ్యో వంతు. నాలుగు కిలోమీటర్ల అవతల లంగరు వేసిన 200 మీటర్ల బల్క్ క్యారియర్ ఫ్రేము నిండా పరుచుకుంటుంది. టగ్గుల సాయంతో చానల్లోకి వస్తున్న ఓడైతే వెనక రాసిన పేరు, దాని కింద రిజిస్టరైన రేవు పేరు చదువుకోవచ్చు. జూము మోజులో 24ని మర్చిపోకూడదు. బీచి ఒడ్డున మ్యూజియంగా మారిన కుర్సురా జలాంతర్గామి పొడవు 91 మీటర్లు. 65, 70 మీటర్లు వెనక్కి జరిగితే మొత్తం పట్టేస్తుంది. ఇంకో చక్కని ఏర్పాటు జూమ్ అసిస్ట్. కదిలే పడవ ఫ్రేములోంచి తప్పిపోతే మీట నొక్కి పట్టుకోవాలి. లెన్సు వెనక్కి తగ్గి చుట్టుపక్కలంతా చూపిస్తుంది. వదిలితే మళ్లీ పాత చోటికే.

ఇక వ్యూఫైండర్. పగలు పదకొండింటికి బీచి రోడ్డులో కెమెరా వెనక తెర మీద కనపడేది ఎండా, మన ముఖమూ. అందుకే కంటికి ఆనించుకునే అద్దం కావాలి. ఎడమ పక్క మీట కదిపితే ఆ చిన్న పెట్టె టక్కున లేస్తుంది, కెమెరా తనంతట తాను ఆన్ అవుతుంది. కిందికి నొక్కితే ఆఫ్. 2015 నాటి హెచ్‌ఎక్స్90వీలో పెట్టె లేచాక కంటి భాగాన్ని వేలితో వెనక్కి లాగాలి, మూసే ముందు మళ్లీ లోపలికి తోయాలి. మూడేళ్లలో ఆ వేలి పనిని తగ్గించారు. పనితనం అంటే నా దృష్టిలో ఇదే. పట్టికలో దీనికి అంకె ఉండదు. ఫైండర్ ఇరుకే, కళ్లజోడు వాళ్లు కాస్త ఇబ్బంది పడతారు. అయితే కంటికి ఆనిస్తే కెమెరాకి రెండు చేతులతో పాటు మూడో ఆనిక దొరుకుతుంది. 720 దగ్గర అది చిన్న మేలు కాదు.

లోపాలూ చెప్పాలి. ఈ సెన్సరు వైశాల్యం ఫిల్ము ఫ్రేములో ముప్పయ్యో వంతు. జూము చివర లెన్సు ఎఫ్/6.4కి కుంచించుకుపోతుంది. ఆ రంధ్రంలోంచి వచ్చే కాంతి సహజంగానే ఎంత పరుచుకుంటుందంటే, ఒక్క చుక్క దాదాపు ఏడు పిక్సెళ్ల వెడల్పు ఆక్రమిస్తుంది. కాబట్టి 18.2 మెగాపిక్సెళ్లు జూము చివర పేరుకే. ఆ ఫొటోను ఇంకా కత్తిరించి పెద్దది చేయబోతే మిగిలేది మసకే. కైలాసగిరి మీంచి రాత్రి దీపాలు, గాజువాక వైపు ఉక్కు ఫ్యాక్టరీ వెలుగు తీయాలంటే, వరసగా ఎన్నో ఫొటోలు తీసి ఒకటిగా కలిపే నేటి మంచి ఫోనే నయం. మధ్యాహ్నం సముద్రం మీది వేడి గాలి అలలాడితే ఏ లెన్సూ ఏమీ చేయలేదు. దూరపు ఓడలకు పొద్దున్నే వెళ్లాలి. ఇసుకకూ ఉప్పు గాలికీ దీనికి ప్రత్యేక రక్షణ లేదు. లెన్సు ముడిచే ముందు గొట్టాలను పొడి బట్టతో తుడవాలి.

ఇది నౌకాదళం ఉన్న ఊరు. నిషేధ బోర్డున్న చోట కెమెరా జేబులోనే ఉంచండి.

పగటి ప్రయాణాలకు, కొండలకు, ఓడలకు దీన్ని కళ్లు మూసుకుని కొనొచ్చు. రాత్రి ఫొటోలకైతే వద్దు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు లెన్సును చివరిదాకా సాగదీసి, గొట్టం వదులుగా ఊగుతోందేమో, ముడిచేటప్పుడు ఇసుక కరకరలాడుతోందేమో చూసుకుని అప్పుడు డబ్బివ్వండి.