నీతిమంతుఁడుగాఁ దీర్పఁబడుట: తెలుఁగు బైబిలునందలి విశ్వాసకర్మ పదవిమర్శము

విజయవాడలోని గవర్నరుపేటకు ఒక ప్రక్క బందరు త్రోవయు, మఱియొక ప్రక్క ఏలూరు త్రోవయు సాగుచున్నవి. మొదటిది చేర్చు మచిలీపట్టణమున 1841లో రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు అను ఆంగ్లేయ బోధకులు చర్చి మిషనరీ సంఘముపక్షమునఁ బని యారంభించిరి. రెండవ దానిని బట్టి పోయినచో గుణదల కొండయు, అచ్చట 1924లో నెలకొల్పఁబడిన మరియమాత విగ్రహమును గానవచ్చును. కృష్ణ దాఁటి గుంటూరు చేరినచో, 1842లో అమెరికానుండి వచ్చిన హెయరు స్థాపించిన లూథరను సంఘము గలదు. ఐరోపాఖండమునఁ బదునాఱవ శతాబ్దియందు ఏ ప్రశ్నమును బట్టి క్రైస్తవులు చీలిపోయిరో, ఆ చీలికలోని మూఁడు తెగలును ఈ నదికి ఇరుగడల నొక చిన్న మేరలోనే నిలిచియున్నవి. మనుష్యుఁడు విశ్వాసమువలన రక్షింపఁబడునా, సత్క్రియలును గావలయునా, ధర్మశాస్త్రమున కందుఁ గల యధికార మెంత యనునదియే యా ప్రశ్నము.

ఈ ప్రశ్నము తెలుఁగుదేశమునకుఁ దెలుఁగు మాటలతోనే వచ్చినది. పదునెనిమిదవ శతాబ్దియందు షుల్జు చేసిన యనువాదము అచ్చుపడలేదు. విశాఖపట్టణమున క్రాను, డెగ్రాంజి యను నిరువురు లండను మిషనువారు ఆనందరాయరను బ్రాహ్మణక్రైస్తవుని తోడ్పాటుతోఁ జేసిన పనినుండి సువార్తలు 1812లో శ్రీరామపురమున ముద్రితము లయ్యెను. పిమ్మటఁ బెక్కురు దిద్ది తీర్చిన దానికి నేఁడు ప్రొటెస్టంటులలోఁ బాత యనువాదమని వ్యవహారము. మతసత్యము నిర్ణయించుట యీ వ్యాసమునకు విషయము గాదు. ఆ యనువాదమునందలి నాలుగైదు పదముల బలాబలములను, అవి సిద్ధాంతమును ఏ వైపునకు లాగినవో పరిశీలించుట మాత్రమే యిచట నుద్దిష్టము.

మొదటిది 'ధర్మశాస్త్రము'. హీబ్రూన 'తోరా' యనియు, గ్రీకున 'నోమోస్' అనియుఁ బిలువఁబడుదాని కిది తెలుఁగుపేరు. తోరాకు ఉపదేశమని మూలార్థము. శాస్ ధాతువునకును అనుశాసనమే యర్థము గావున వ్యుత్పత్తిచేత నీ మాట మూలమునకు మిక్కిలి చేరువ. వ్యాప్తిచేతను దగినదే. యాజ్ఞవల్క్యస్మృతి ఆచారవ్యవహారప్రాయశ్చిత్తములను మూఁడధ్యాయములలోఁ గూర్చినట్లు, మోషేశాస్త్రమును ఆహారశౌచనియమములను, నేరములకు దండనలను, పాపపరిహారబలులను ఒక్కచోఁ గూర్చినది. ఆంగ్లమున వ్యవహారచట్టమునకు వాడుమాటకంటె నీ తెలుఁగుమాటయే పౌలు తలఁపును సమగ్రముగాఁ దెలుపుచున్నది.

దోషము వేఱొకచోట నున్నది. తెలుఁగున ధర్మశబ్దము ప్రశంసావాచకము. ధర్మశాస్త్రము లేకుండ నీతిమంతుఁ డగుట యన్నంతనే వినువానికి ధర్మమే యక్కఱలేదను భ్రాంతి కలుగును. అట్టి యాక్షేపమును పౌలే ముందుగా నెత్తి, తానే దానిని త్రోసిపుచ్చెను. తెలుఁగుపాఠకునకు మాత్రము మాటయే యా యాక్షేపమును మరల మరల రేపుచుండును. ఇదిగాక, పౌలు 'నోమోస్' అను నొక్కపదమునే మోషేశాస్త్రమునకును, మనుష్యునిలోఁ బనిచేయు పాపశక్తికిని, విశ్వాసమార్గమునకును వాడి యుక్తిచమత్కారము చూపఁగా, అనువాదకులు దానిని 'ధర్మశాస్త్రము', 'నియమము', 'న్యాయము' అని మూఁడుగా విఱిచిరి. అర్థము తేటపడినది, వాదమునందలి కొలికి మాత్రము తెగిపోయినది.

ఈ మాట కృష్ణామండలమున మఱియొక యర్థమును గూడఁ దెచ్చుకొన్నది. 1859లో జ్ఞానస్నానము పొందిన రాఘవాపురపు పగోలు వెంకయ్య మాలకులమువాఁడు. ఆయన వెనుక నీ మతమునఁ జేరినవారిలోఁ బెక్కురు ఊరివెలుపలి పేటలవారే. వారిని వెలుపల నుంచినదియు ధర్మశాస్త్రమను పేరి గ్రంథములే. అట్టి శ్రోతకు ధర్మశాస్త్రమునుండి విడుదల యన్నచో యూదులశాస్త్రము తోఁచునా, తన్ను బావికడకు రానీయని శాస్త్రము తోఁచునా? అనువాదకు లీ ధ్వని నుద్దేశించిరని చెప్పుటకు వీలులేదు. కాని యది యచట నున్నది. దీనిని దోషమని కొట్టివేయుటయుఁ దగదు. గలతీయులకు వ్రాసిన లేఖలో పౌలు వాదమునకు మూలము పంక్తిభోజనమే. అంతియొకయలో అన్యజనులతోఁ గూర్చుండి భుజించుచుండిన పేతురు, కొందఱు యూదులు రాఁగానే పంక్తినుండి తొలఁగెను. పౌలు వానిని ముఖాముఖి నధిక్షేపించెను. 'ధర్మశాస్త్రక్రియ' లనఁగా సామాన్యమైన సత్క్రియలు గావనియు, యూదుని అన్యునినుండి వేఱుపఱచు సున్నతి, ఆహారనియమము, విశ్రాంతిదినము మున్నగునవియే ముఖ్యముగా నుద్దిష్టములనియు 1983లో జేమ్సు డన్ వాదించెను. 1977లో సాండర్సు యూదమతమును గూర్చి వ్రాసిన గ్రంథము దానికి దారి చూపినది. ఈ మతమును పండితులందఱు నంగీకరింపలేదు. అయినను పంక్తిభేద మెఱిఁగిన తెలుఁగుశ్రోత దానిని తానై గ్రహింపఁగలఁడు. ఒక్క జాగ్రత్త మాత్రము వలయును. పౌలునకు మోషేశాస్త్రము పవిత్రము, తన పితరుల సొత్తు. ఊరివెలుపలి శ్రోతకు స్మృతులు పరులు వేసిన కట్లు. ఈ భేదమును బోధకుఁడు చెప్పనిచో శ్రోత యూదులశాస్త్రమును కేవలము క్రూరమని తలఁచి వారి కన్యాయము చేయును.

రెండవది 'విశ్వాసము'. శ్వస ధాతువునకు ఊపిరి విడుచుట యర్థము. వి యను నుపసర్గతోఁ గూడి, భయము లేక తేలికగా నూపిరి తీయుట, ఒకనిపై భారముంచి నిశ్చింతగా నుండుట యని యర్థ మేర్పడినది. గ్రీకుపదమైన 'పిస్టిస్' అనుదానికి నమ్మికయు, నమ్మినవానియెడలఁ దప్పని నిలుకడయు రెండు నర్థములే. హీబ్రూమూలమునకు స్థిరత్వ మర్థము. ప్రార్థనాంతమునఁ బలుకు 'ఆమేన్' ఆ ధాతువునుండియే పుట్టినది. తెలుఁగువాడుకయు నిట్టిదే. ఉప్పు తిన్న విశ్వాసమన్నచోటఁ గాని, విశ్వాసఘాతకుఁ డన్నచోటఁ గాని ఆ మాటకు మనసులోని యభిప్రాయ మర్థము గాదు. నడతలో నిలుచు కట్టుబాటు అర్థము. కావున తెలుఁగుమాటలోనే క్రియ యిమిడియున్నది. సంస్కృతశ్రద్ధాశబ్దము హృదయము నుంచుట యను మూలార్థముచేతఁ దగినదైనను, తెలుఁగున నది కేవలము జాగరూకతకుఁ జెల్లిపోయినది గనుక దానిని విడుచుటయే మేలయినది. యాకోబు తన లేఖలో దయ్యములును దేవుఁ డొక్కఁడని యెఱుఁగునని పరిహసించుచోట అనువాదకులు 'నమ్ము' ధాతువును వాడిరి. గ్రీకున ధాతువొక్కటియే. అయినను దయ్యములకు 'విశ్వాసము'ను గట్టిపెట్టకుండుటలో తెలుఁగు నుడికారము సాయపడినది.

మూఁడవది యీ వివాదమునకెల్ల గుండెకాయ యగు 'నీతిమంతుఁడుగాఁ దీర్చు' అను ప్రయోగము. మూలమందలి 'డికైయో' క్రియకు న్యాయసభలో నిర్దోషియని ప్రకటించుట యర్థమని లూథరను పక్షము. దానిని లాటినున నీతిమంతునిగాఁ జేయుట యని స్ఫురించు మాటతోఁ బరివర్తించిరి. అగస్టీను మొదలుకొని రోమనుసంఘ మా యర్థమునే పట్టినది. ప్రకటనమా, పరివర్తనమా యనునదియే చీలిక. ఇందుఁ దెలుఁగువారి 'తీర్చు' ధాతువు విచిత్రమైనది. 'తీర్పు తీర్చు' అన్నచో ప్రకటనము. 'తీర్చి దిద్దు' అన్నచో పరివర్తనము. 'అప్పు తీర్చు' అన్నచో ఋణవిమోచనము. ఒక్క ధాతువునందు మూఁడు మతములును గాపురము చేయుచున్నవి. ప్రాచీనకవుల మర్యాదచే 'తీర్పఁబడు' అనవలసినదానిని 'తీర్చబడు' అని వ్రాసిరని వైయాకరణుఁడు గొణుగవచ్చును గాని, ధాతువునెన్నిన నేర్పును మెచ్చక తీఱదు.

'పడు' ధాతువుతోడి కర్మణిప్రయోగము తెలుఁగునకు సహజము గాదనియు, అనువాదములు దానిని వెల్లువగాఁ దెచ్చినవనియు నొక యాక్షేపము గలదు. ఇతరస్థలములయం దది నిజమే. ఇచట మాత్ర మది సిద్ధాంతమునకే యావశ్యకము. తీర్చువాఁడు దేవుఁడు, మనుష్యుఁడు కర్త గాఁడు, తీర్చుట యను క్రియకుఁ గర్మ. అతనికి స్వాతంత్ర్యము లేదని చెప్పుటయే పౌలు తాత్పర్యము గనుక, కర్తరిప్రయోగముతో దీనిని జెప్పినచో మాట యందగించును గాని యర్థము చెడును.

ఇఁక నవధారణము. రోమీయుల లేఖ మూఁడవ యధ్యాయమున విశ్వాసమును జెప్పుచోట తెలుఁగున 'వలననే' అని యేకార మున్నది. గ్రీకున 'మాత్రమే' యను పదము లేదు. 1522లో లూథరు జర్మనునఁ దన యనువాదమున నిచటనే యట్టి పదమును జేర్చి, రోమనువారి నిందకుఁ బాత్రుఁడై, 1530లో జర్మను నుడికారము దానిని గోరుచున్నదని సమాధానము వ్రాసెను. తెలుఁగునకును నా సమాధానమే చెల్లును. ఒకదానిని 'లేకుండ' అని నిషేధించి మఱియొకదానిని విధించునపుడు తెలుఁగువాక్యము ఏకారమును దానై కోరును. కాని యా యేకార మేమి వ్యవచ్ఛేదించుచున్నది? పార్థుఁడే ధనుర్ధరుఁ డన్నచోటివలె నిది అన్యయోగవ్యవచ్ఛేదము. హేతుత్వము విశ్వాసమునకే కాని యన్యమునకు లేదని తాత్పర్యము. హేతువు గాదన్నంతమాత్రమున క్రియలు ఫలముగాను గూడదని సిద్ధింపదు. విత్తనమువలననే మొలక యన్నవాఁడు మొలకకు ఆకులు వలదనఁడు.

యాకోబుమాటకు సమన్వయ మిచటనే దొరకును. ఆయన అబ్రాహామునే దృష్టాంతముగాఁ గొని, మనుష్యుఁడు విశ్వాసముచేత మాత్రమే గాక క్రియలచేతను నీతిమంతుఁ డగునని వాదించెను. పౌలు చెప్పినది సున్నతికి ముందటి అబ్రాహాము. యాకోబు చూపినది ఇస్సాకును బలిపీఠముపై నుంచిన అబ్రాహాము. నడుమ నేండ్లు గడచినవి. కారకహేతువు వేఱు, జ్ఞాపకహేతువు వేఱు. పొగ నిప్పును బుట్టింపదు, తెలుపును. పౌలు కారకమును, యాకోబు జ్ఞాపకమును జెప్పిరనుట యొప్పును.

అయినను, ఈ సమన్వయమును వ్యాఖ్యాత చేయవలెనే గాని యనువాదకుఁడు చేయరాదు. పౌలు లేఖలో 'నీతిమంతులుగా తీర్చబడు' అని వ్రాసిన వారే యాకోబు లేఖలో అదే గ్రీకుక్రియకు 'నీతిమంతుడని తీర్పు పొందు' అనియు, 'నీతిమంతుడని యెంచబడు' అనియు వ్రాసిరి. 'గా' యనునది తద్భావమును దెలుపును. 'అని' యనునది పరుల తలఁపును మాత్రము దెలుపును. దీనిచే యాకోబునందుఁ గ్రియలు కేవలము జ్ఞాపకములని ముందే నిర్ణయమైపోయినది. గ్రీకెఱుఁగని పాఠకునకు ఇద్దఱు నొక్క మాటపైననే తలపడిరను సంగతియే తెలియదు. వింత యేమన్నచో, ప్రకటనపక్షమునకు 'అని' యనునది పౌలు వాక్యమునఁ గావలసియుండెను. అచట 'గా' యుంచి పరివర్తనపక్షమునకుఁ దావిచ్చి, యాకోబున 'అని' యుంచిరి. తమ సిద్ధాంతమునకుఁ దామే యడ్డు పెట్టుకొన్నారని యనవలసివచ్చును.

కడపటిది 'కృప'. గ్రీకుమూలమగు 'ఖారిస్' అనుదానికి ప్రొటెస్టంటులు కృప యనఁగా, కతోలికులు 'వరప్రసాద'మనిరి. కృప దాతయందుండు గుణము. ప్రసాదము దాతనుండి వెడలి గ్రహీతచేతిలోఁ బడు వస్తువు. దేవునియందలి దయ మనుష్యుని నిర్దోషిగా నెంచునని యొకరును, ఆ దయ మనుష్యునిలోఁ బోయఁబడి వానిని మార్చునని మఱియొకరును 1547లో ట్రెంటు సభనాఁటినుండి పోరాడిన పోరాటమంతయు నీ రెండు మాటలలో నున్నది. ప్రతి ఫిబ్రవరిలో గుణదల కొండయెక్కి తలనీలము లిచ్చి, కొబ్బరికాయ కొట్టి, క్రొవ్వొత్తి వెలిగించు భక్తునకు ప్రసాదశబ్దము పొరుగుగుడినుండియే పరిచితము. అతని మ్రొక్కు రక్షణకు వెలయని చెప్పుట రోమను సిద్ధాంతము గాదు. కృతజ్ఞతయనియే వారి పక్షము. మ్రొక్కు తీర్చుట యను వాడుకలోను 'తీర్చు' ధాతువే యుండుట గమనింపఁదగును. ఋణమువలెఁ దీర్చునది వెల యగుటకు దవ్వు గాదని ప్రొటెస్టంటులు భయపడుటయు నకారణము గాదు.

ఈ దేశమున కీ వాదము క్రొత్తది గాదు. శ్రీవైష్ణవులు పిల్ల తల్లిని బట్టుకొను మర్కటకిశోరన్యాయమును, తల్లి పిల్లను గఱచుకొని పోవు మార్జాలకిశోరన్యాయమును జెప్పి రెండు తెగలైరి. పోలిక యింతవఱకే. వారి ప్రపత్తి కర్మబంధమునుండి విముక్తికై. పౌలు చెప్పునది దేవుని న్యాయసభలో నిలుచుటకై. పోలికనే సమానత్వమని పట్టినచో ఇరుమతములకును ద్రోహము జరుగును.

1999 అక్టోబరు 31వ తేది ఆగ్సుబర్గునగరమున రోమనుసంఘమును, గుంటూరి లూథరనుసంఘము సభ్యముగాఁ గల లూథరను ప్రపంచసమాఖ్యయు నీ విషయమున నొక యుమ్మడి ప్రకటనమున సంతకములు చేసెను. మెథడిస్టులు 2006లోను, సంస్కృతసంఘములవారు 2017లోను దానితోఁ గలిసిరి. నిర్దోషిగా నెంచుటయు, క్రొత్తవానిగాఁ జేయుటయు విడరానివనియు, క్రియలు విశ్వాసమునకు ఫలములనియు దాని సారము. లాటినును జర్మనును నాలుగు వందల యేండ్లు విడఁదీసిన యీ రెండర్థములను తెలుఁగుధాతువు మొదటినుండియు నొక్కచోటనే యుంచుకొన్నది. కావున ముందు అనువాదమును దిద్దఁబూనువారు యాకోబునందును 'తీర్చు' ధాతువునే నిలిపి, ఇద్దఱు అపొస్తలుల విరోధమును పాఠకుని కన్నులయెదుట నుంచి, దాని పరిహారమును వ్యాఖ్యకు విడుచుట మేలు. 'ధర్మశాస్త్రము' అనుచోట మోషే పేరును జేర్చినచో ధర్మమునకే విరోధమను భ్రాంతి తొలఁగును. పాతమాటలను మార్చవలసిన పని యంతకు మించి లేదు. వానిని విప్పి చెప్పవలసిన పని మాత్రము చాల మిగిలియున్నది.