గబ్బిలమున దూతౌచిత్యము

సందేశకావ్యమున దూత యలంకారమాత్రుఁడు గాఁడు. కావ్యార్థము చాలవఱ కాతని జాతినిబట్టియే యేర్పడును. కాళిదాసు మేఘమును, వేదాంతదేశికులు హంసమును గైకొనిరి, రెండును లోకమాన్యములే. జాషువా 1941లోఁ బ్రకటించిన ‘గబ్బిలము’న నా దౌత్యము, దుశ్శకునమని జనులు రోయు జీవికి దక్కినది. దీనిని మేఘసందేశమున కనుకరణముగా మాత్రమే చూచినచోఁ గావ్యప్రాణమే చేజాఱును.

నాయకుఁడు తంజావూరు మండలమునఁ బుట్టిన యస్పృశ్యుఁడు. రాత్రివేళ వాని గుడిసెలో నొక గబ్బిలము చొరఁబడి, ఱెక్కలగాలిచే నాముదపుదీపము నార్పివేయును. దానినే యతఁడు పక్షులకు రాణిగా మన్నించి శివునికడకుఁ బంపును. గుడిలో వ్రేలాడునప్పుడు దానికి శివుని చెవి చేరువ. పూజారి లేనివేళఁ దన బ్రదుకు విన్నవింపుమని వాని ప్రార్థన. ఈ పూజారిప్రసక్తి చిన్నమాటవలెఁ గనఁబడును గాని, కావ్యభారమంతయు దానిపైననే నిలిచినది. గబ్బిలమును దోలినను శుచికొఱకే తోలుదురు. జాతి యడిగి తోలరు. జాతి యడిగి వాకిట నిలుపఁబడువాఁడు మనుష్యుఁ డొక్కఁడే.

ప్రకృతి సమత్వమును బోధించునని పలుకుట సులభము. ఆ వాదము దుర్బలము. డేగ పిచ్చుకను దినును. వర్ణభేదమును సమర్థించువారును బ్రకృతినే సాక్ష్యమునకుఁ బిలిచిరి. జాషువా యా త్రోవఁ బోలేదు. ఆయన నిరూపించిన దంతకంటెఁ బరిమితము, అంతకంటె దృఢము: గుడివాకిటి గీఁత ప్రకృతి గీసినది గాదు.

జంతుశాస్త్రమును నిందులకుఁ దోడుపడుచున్నది. గబ్బిలము పక్షి గాదు. పిల్లలను గని పాలిచ్చు జీవి. క్షీరదజాతులలో సుమా రైదవవంతు గబ్బిలములే. ఎగురుటఁ జూచి పక్షులలోఁ జేర్చినది చూపఱుల కన్నే. ఇప్పపూల పరాగమును జేరవేయుట, విత్తనములను దూరమునకుఁ గొనిపోవుట ఫలాహారులైన గబ్బిలముల పని. అది రాత్రి జరుగును గావున లెక్కకు రాదు. కావ్యనాయకుఁడును బైరు పండించి లోకమునకుఁ గూడు పెట్టి, తాను లెక్కకు రానివాఁడు. తెలుఁగున ‘ఱెక్క’ యనుమాట పక్షికిని, ‘ఱెక్కలకష్టము’ కూలివానికిని జెల్లుట యీ పోలికకు భాషయే చేసిన సాయము.

లోపము లేకపోలేదు. మార్గమునందలి దేశవైభవవర్ణనము పలుచోట్ల సందేశమును మఱపించుచున్నది. హృద్యమైన పద్యము లుండియు దుఃఖము నిలిచి వేచియుండవలసివచ్చినది. ఐనను నా వర్ణనమున నొక చేఁదు కలదు: ఆ వైభవములో వీసమెత్తు పాలు లేనివాఁడే దానిని దూతకుఁ గొనియాడి చెప్పుచున్నాఁడు.