సరిగంగ స్నానాల దారి

గోదావరి జిల్లాల్లో కాశీయాత్ర అనే మాట గృహస్థు జీవితంలో రెండుసార్లు వినిపిస్తుంది. మొదటిది పెళ్లి తంతులో భాగం: స్నాతకం ముగిసిన వరుడు గొడుగు, చేతికర్ర, పాంకోళ్లతో, సంసారం వద్దని కాశీకి బయలుదేరగా, వధువు సోదరుడు ఎదురొచ్చి, బెల్లం ముక్క ఇచ్చి, తన చెల్లెలిని పెళ్లాడి గృహస్థుగా ఉండమని బతిమాలి వెనక్కి తీసుకువస్తాడు. రెండోది ముప్పై నలభై ఏళ్ల తర్వాత, పిల్లల పెళ్లిళ్లు అయి బాధ్యతలు తీరాక, తరచుగా షష్టిపూర్తికి కాస్త ముందో వెనుకో, భార్యాభర్తలిద్దరూ కలిసి నిజంగా చేసే ప్రయాణం. ఒంటరిగా వెళ్లబోతే ఆపిన కాశీకే జంటగా సాగనంపడంలో ఈ సంప్రదాయపు ఆంతర్యం ఉంది. ఈ రెండో యాత్ర సామాన్య కుటుంబాల అందుబాటులోకి వచ్చింది మాత్రం రైలు వచ్చిన తర్వాతే.

అంతకుముందు కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనే సామెత అక్షరాలా నిజం. చెన్నపట్నం సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న సపరివారంగా బయలుదేరి, కాశీ, గయ, కలకత్తా, పూరీల మీదుగా 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. దారిలో చూసినదంతా మిత్రుడికి రాసి పంపగా ‘కాశీయాత్ర చరిత్ర’ అనే గ్రంథంగా నిలిచిన ఆ పదిహేను నెలల ప్రయాణానికి పల్లకీలు, బోయీలు, గుడారాలు, సుమారు వందమంది పరివారం కావలసివచ్చాయి. అంతటి వనరులు లేని గృహస్థుకు కాశీ అంటే తిరిగి వస్తాడో రాడో తెలియని తోవ. భార్యను ఇంట వదిలి ముసలితనంలో ఒంటరిగా వెళ్లడం, లేదా అసలే వెళ్లకపోవడం.

ఈ స్థితిని మార్చినవి ప్రధానంగా వంతెనలు. కాశీ దగ్గర గంగ మీద 1887లో డఫరిన్ వంతెన (నేటి మాలవీయ వంతెన) సిద్ధమైంది. కటకం నుంచి బెజవాడ దాకా ఈస్ట్ కోస్ట్ రైలుమార్గం 1893కూ 1896కూ మధ్య పడినా, గోదావరి ఆ దారిని రెండు ముక్కలు చేసింది. కొవ్వూరులో దిగి, రేవు దాటి, రాజమహేంద్రవరంలో మళ్లీ రైలెక్కవలసివచ్చేది. 56 ఖానాలతో, దాదాపు మూడు కిలోమీటర్ల పొడవున కట్టిన హేవ్‌లాక్ వంతెన 1900లో తెరుచుకోవడంతో ఆ ఇబ్బంది తీరింది. 1914 ఫిబ్రవరిలో పాంబన్ వంతెన పూర్తయ్యాక రామేశ్వర ద్వీపానికి కూడా పట్టాలు చేరాయి. అంటే గంగ మీద, గోదావరి మీద, సముద్రం మీద మూడు వంతెనలు ఇరవై ఏడేళ్ల వ్యవధిలో లేచి, కాశీ నుంచి సేతువు దాకా ఉన్న పురాతన తీర్థమార్గాన్ని ఇనుపదారిగా మార్చాయి. 1929లో కాజీపేట–బల్లార్షా మార్గం కలిశాక డెల్టా యాత్రికులకు రెండు దారులు ఏర్పడ్డాయి: ఒకటి బెజవాడ, వరంగల్లు, నాగపూరు, జబల్‌పూరు మీదుగా ముందు ప్రయాగ చేరేది, మరొకటి విశాఖ, భువనేశ్వరం, ఖరగ్‌పూరు మీదుగా ముందు గయ తగిలేది. ప్రయాగ, కాశీ, గయ అనే వరుస శాస్త్రసమ్మతం కనుక, క్రమం పాటించదలచినవారు బెజవాడ దారినే కోరుకునేవారు.

రైలులో ఆచారాన్ని కాపాడుకోవడం ఒక నేర్పుగా పెరిగింది, అందులో సింహభాగం ఇల్లాలిది. స్నానం చేసి ఆరేసిన బట్ట కట్టి, ఇతరులను తాకకుండా వండి తినే నియమమైన మడికి రైలుపెట్టెలో చోటు లేదు. దానికి విరుగుడుగా నిల్వ ఉండే తిండిని ఎంచుకోవడం అలవాటైంది. చింతపండు, నూనె కలిసి చెడిపోకుండా కాపాడే పులిహోర మొదటి రోజుకు. అటుకులు, సున్నుండలు, జంతికలు తర్వాతి రోజులకు. దిగిన చోట సత్రంలో వండుకోవడానికి ఇంటి బియ్యం, కందిపొడి, ఊరగాయ జాడీ. నీళ్లు ఒలకకుండా మర తిప్పి బిగించే మరచెంబులో గోదావరి జలం, హోల్డాలులో పక్కబట్టలు, ట్రంకుపెట్టె అడుగున పూజకు పట్టుబట్టలు. రైలు గోదావరి మీదికి రాగానే కిటికీలోంచి నాణెం వేసి దండం పెట్టడం నేటికీ ఆగలేదు. హేవ్‌లాక్ వంతెన 1997లో విశ్రాంతి తీసుకున్నా, 1974 నాటి రోడ్డు-రైలు వంతెన మీదా, 1997 నాటి కమానుల వంతెన మీదా ఆ నాణేలు పడుతూనే ఉన్నాయి.

ఈ యాత్రలోని క్రియలన్నీ దంపతులు కలిసి చేయడానికి అనువుగా అమర్చినవి. సంకల్పంలో, అంటే ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు ఈ పని చేస్తున్నారో చెప్పుకునే వాక్యంలో, భర్త ధర్మపత్నీ సమేతుడుగానే తనను చెప్పుకుంటాడు. అతను కర్మ చేస్తున్నంతసేపు భార్య దర్భతో అతని చేతిని తాకి ఉండడాన్ని అన్వారంభం అంటారు. కొంగులు ముడివేసుకుని, చేయి చేయి పట్టుకుని ఒకేసారి నీట మునగడాన్ని తెలుగువారు సరిగంగ స్నానం అన్నారు. సరి అంటే జత. పేరులో గంగ ఉన్నా గోదావరి రేవుల్లో, పుష్కరాల్లో కూడా ఈ స్నానం జరుగుతుంది. రాజమహేంద్రవరం రేవులో అలవాటైన ముడినే దంపతులు త్రివేణి దాకా తీసుకువెళతారు.

ఆ త్రివేణి దగ్గరే ఈ సంప్రదాయంలో అత్యంత సుకుమారమైన క్రియ జరుగుతుంది. గంగా యమునలు కలిసేచోట, అంతర్వాహినిగా సరస్వతి కూడా చేరుతుందని నమ్మే సంగమంలో, సుమంగళి మాత్రమే చేయదగిన వేణీదానం అది. వేణి అంటే జడ, నీటి పాయ కూడా. మూడు పాయల జడను మూడు పాయల నదికి ఇవ్వడమని ఆ శ్లేషలోనే భావం ఉంది. స్నానం, సంకల్పం అయ్యాక భార్య ఈ దానానికి భర్త అనుమతి అడుగుతుంది. భర్త ఆమెను ఎదుట, కొన్ని కుటుంబాల్లో ఒడిలో, కూర్చోబెట్టుకుని, స్వయంగా తల దువ్వి, జడ అల్లి, పూలు ముడిచి, పసుపు కుంకుమలిచ్చి, ఆ జడ కొసను రెండు మూడు అంగుళాల మేర కత్తిరిస్తాడు. ఆ కొస పడవలోంచి సంగమంలో విడిచినప్పుడు తేలకుండా మునిగిపోతుందని యాత్రికుల విశ్వాసం. నలభై ఏళ్ల కాపురంలో ఒక్కనాడూ భార్య తల దువ్వి ఎరుగని గృహస్థులు ఎందరో ఆనాడు తడబడుతూ మూడు పాయలు వేయడం నేర్చుకుంటారు. శాస్త్రం చెప్పే పుణ్యం మాట ఎలా ఉన్నా, పురుషుడి చేతికి దువ్వెన ఇచ్చిన ఈ క్రియకు సాటిరాగలవి వైదిక గృహస్థ కర్మల్లో అరుదు.

కాశీలో మణికర్ణికా స్నానం, విశ్వేశ్వరుడు, విశాలాక్షి, అన్నపూర్ణ, కాలభైరవుల దర్శనం అందరూ ఎరిగినవే. తెలుగువారు ప్రత్యేకంగా పట్టించుకునేది తొమ్మిది నిద్రలు: తల్లి గర్భంలోని తొమ్మిది నెలలకు ప్రతిగా కాశీలో తొమ్మిది రాత్రులు గడిపితే మళ్లీ గర్భవాసం ఉండదనే నమ్మకం. గయలో ఫల్గునీ తీరంలో, విష్ణుపాదం దగ్గర, అక్షయవటం కింద పితృదేవతలకు పిండాలు పెడతారు. వటవృక్షం దగ్గర ఇష్టమైన ఒక పండును, ఒక కూరను జన్మంతా తిననని వదిలివేస్తారు. గయాశ్రాద్ధంలో మాతృషోడశి అనే భాగాన్ని ప్రత్యేకించి చెప్పుకోవాలి. కొడుకును మోసిన నెలల్లో, కన్నప్పుడు, పెంచినప్పుడు తల్లి పడ్డ ఒక్కొక్క బాధనూ పేరుపేరునా తలచుకుని, ఒక్కొక్క దానికి ఒక్కొక్క పిండం చొప్పున పదహారు పిండాలు పెట్టే క్రమం అది. భర్త నోట ఆ బాధల జాబితా వింటూ, తానూ తల్లి అయిన భార్య పక్కనే కూర్చుని ఉంటుంది.

కాశీతో యాత్ర పూర్తికాదు. రామేశ్వరం దగ్గర ధనుష్కోటి సేతువులో ఇసుకను పిడికిళ్లతో తీసి, సేతుమాధవ, బిందుమాధవ, వేణీమాధవుల పేర కుప్పలు చేసి పూజించి, కొంత ఇసుకను ప్రయాగకు తెచ్చి సంగమంలో కలపడం, అక్కడి గంగను తిరిగి తెచ్చి రామనాథుడికి అభిషేకించడం పూర్ణయాత్ర. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోటి ఊరూ, రైలు స్టేషనూ సముద్రం పాలయినా ఇసుక తీసే ఆచారం ఆగలేదు. దక్షిణం ఇసుక ఉత్తరానికీ, ఉత్తరం నీరు దక్షిణానికీ వెళ్లే ఈ ఏర్పాటులో గోదావరి దేశం రెండింటికీ నడుమ నిలిచింది. అందుకే కాబోలు ఇక్కడి సాహిత్యం, క్షేత్రాలు కూడా కాశీవైపు తిరిగి ఉంటాయి. రాజమహేంద్రవరపు రెడ్డిరాజు వీరభద్రారెడ్డికి శ్రీనాథుడు కాశీఖండాన్ని అంకితమిచ్చాడు. అందులో కాశీని విడిచి కన్నీళ్లతో దక్షిణానికి నడిచేది అగస్త్య లోపాముద్రలనే దంపతులు. అదే కవి భీమఖండంలో కాశీ నుంచి వెళ్లగొట్టబడిన వ్యాసుడు ఊరట పొందే చోటు దాక్షారామం, దక్షిణకాశి. పిఠాపురం పాదగయ. అంతదూరం వెళ్లలేని దంపతులు ఈ రెంటితో తృప్తిపడతారు, అది చిన్నతనమేమీ కాదు.

ఇటీవల యాత్ర మరింత కుదించుకుపోయింది. 2023 మార్చి 18న సికింద్రాబాద్ నుంచి బయలుదేరిన మొదటి భారత్ గౌరవ్ రైలు, ఏలూరు, రాజమహేంద్రవరం, సామర్లకోటల్లో యాత్రికులను ఎక్కించుకుని, పూరీ, కోణార్క, గయ, వారణాసి, అయోధ్య, ప్రయాగలను తొమ్మిది రోజుల్లో చూపించి తిరిగి తెచ్చింది. వీరాస్వామయ్య పదిహేను నెలలు ఇక్కడ తొమ్మిది రోజులైనాయి. వయసు మళ్లినవారికి భోజనం, బస, బండి అన్నీ అమర్చే ఈ సదుపాయం మెచ్చదగినదే. తోడు లేక ఆగిపోయిన ఎందరికో ఇదే దారి. అయితే గయ ముందూ ప్రయాగ చివరా వచ్చే తిరుగుదారిలో, కొద్ది గంటల దర్శనంలో, తొమ్మిది నిద్రలకు చోటుండదు, పడవలో జడ అల్లేటంత తీరిక కూడా కొందరికి దొరకదు. వేగం దోషం కాదు, మొదటి రైళ్లు కూడా వేగంగానే వచ్చాయి. ఏ క్రియకు ఎంత సమయం కావాలో ఆ దంపతులే నిర్ణయించుకునే వీలు పోవడమే నష్టం. ఓపిక ఉన్నవారు స్వయంగా టిక్కెట్లు తీసుకుని, మజిలీలలో ఆగుతూ వెళ్లడమే మేలు.

పూర్వం యాత్ర బరువంతా వెళ్లడంలో ఉండేది. రైలు వచ్చాక అది తిరిగిరావడంలోకి మారింది, దానికి తగిన తంతు గంగ సమారాధన. తెచ్చిన గంగకు పూజ చేసి, బంధువులకూ ఊరివారికీ భోజనం పెట్టి, చిన్న అన్నపూర్ణ ప్రతిమ, కాశీ దారం, మూత అతికి ముద్రవేసిన రాగి గంగచెంబు వచ్చినవారికి పంచుతారు; పెద్దలూ పిన్నలూ ఆ దంపతుల పాదాలకు దండం పెట్టి యాత్రాఫలంలో పాలుపంచుకుంటారు. పంచగా మిగిలిన ఒక చెంబు పూజగదిలో, ముద్ర విప్పకుండా, ఏళ్ల తరబడి ఉంటుంది. అంత్యకాలంలో తులసిదళంతో పోసే నీరు అదే కనుక, త్రివేణిలో చేయి చేయి పట్టుకుని మునిగిన ఇద్దరిలో ఒకరి కోసం దాని మూత విప్పే రోజున, రెండోవారు పక్కనే ఉంటారు.