పెప్రెకు పీక కట్టే చెయ్యి

మన ఆదివాసీ సంగీతం మీద తెలుగులో వస్తున్న వ్యాసాలు చాలావరకు ఒకే తీరుగా ఉంటున్నాయి. దండారి గురించి నాలుగు మాటలు, గుస్సాడీల నెమలి ఈకల టోపీ గురించి రెండు మాటలు, ఆపైన కిక్రి, పెప్రె, డప్పు, గుమేల అని ఒక వరుస. నేనూ అలాగే రాశాను. ఆ పేర్లలో తప్పు లేదు గానీ వాటి వెనుక మనిషి కనపడడు.

ఆదిలాబాద్ గోండుల దగ్గర పెప్రె ఊదేది పర్ధాన్‌లు. 1948లో వచ్చిన హైమన్‌డార్ఫ్ పుస్తకం ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ పర్ధాన్‌ను గోండు పురాణాలు మోసుకొచ్చే కథకుడిగా లోకానికి చూపింది. మనకు మేలు చేసిన పుస్తకమే అది. తర్వాత రాసిన మనం మాత్రం పర్ధాన్ గొంతు దగ్గరే ఆగిపోయాం, అతని చేతులను చూడలేదు.

పెప్రె సన్నాయి జాతిది. చెక్క గొట్టం, కింద విచ్చుకున్న మూతి, పైన పీక. ప్రాణమంతా ఆ పీకలోనే ఉంది. అది మందమైతే పలకదు, మరీ పలచనైతే కీచుమంటుంది, ఎండితే చీలుతుంది. అందుకే ఊదబోయే ముందు నోట్లో పెట్టి తడుపుతారు. అది పాడైనప్పుడల్లా ఊదేవాడే సరిచేసుకోవాలి. పిల్లవాడు తండ్రి పక్కన కూర్చుని ఆ పని చూస్తూ, ఊది చూస్తూ, ఏ శబ్దం సరైనదో చెవికి పట్టించుకుంటాడు. పాట ఆ తర్వాత వస్తుంది. బాగుచేయడం, ఊదడం, నేర్పడం ఇక్కడ ఒకే పని.

నేను చూసిన ఒక శిక్షణ శిబిరంలో పది రోజులు ఊదడం ఒక్కటే నేర్పారు. ఇంటికి వెళ్లాక పీకలు చీలాయి. కట్టడం పిల్లలకు తెలియదు. ఆ పెప్రెలు ఇప్పుడు గోడలకు వేలాడుతున్నాయి.

వెనకటికి గోండు దాత కుటుంబాలు పర్ధాన్‌కు ధాన్యమో, బట్టో, పశువో ఇచ్చేవి. అది ఒక్క పాటకు ఇచ్చిన కూలి కాదు, తరతరాల బంధానికి ఇచ్చిన పాలు. పీక కట్టిన పూట, కొడుక్కి నేర్పిన ఏళ్లు అందులోనే కలిసి ఉండేవి. ఇప్పుడు వేదిక మీద ఊదిన గంటకే లెక్క. మిగతా పనికి విలువ కట్టేవారు లేరు. కొడుకు డీజే బండి వెంట పోతే తప్పు వాడిదే అనడం సులువు.

2021లో మర్లవాయి కనక రాజు గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా పొంగిపోయాం. గుస్సాడీ అడుగును దేశం గుర్తించింది. ఆ అడుగుకు తోడు నడిచే వాద్యాలను బతికిస్తున్నవారిని గుర్తించడం రాసేవాళ్లమైన మన బాధ్యత.

ఇకపై పెప్రె గురించి రాసేవారు ఊదిన మనిషి పేరుతో ఆగకూడదు. పీక దేనితో చేశాడు, ఎవరి దగ్గర నేర్చాడు, ఇప్పుడు ఎవరికి నేర్పుతున్నాడు అని అడగాలి. ఆ పనికి గోండిలో ఉన్న మాటలను అతని నోటి నుంచే రాసుకోవాలి. చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే, ఆ సంగతే వ్యాసానికి మొదటి వాక్యం కావాలి.