బ్యాన్ అంటే చాటింపు

మేము పొద్దున ఉర్దూ అఖ్బార్, సాయంత్రం తెలుగు పేపరు చదివే ఇళ్లలో పెరిగినవాళ్లం. పెద్దయ్యాక డెస్కుల్లో కూచుని ఇంగ్లీషు ఏజెన్సీ కాపీని తెలుగులోకి దించి జీతం తీసుకున్నాం. ఇన్నేళ్లలో మా చేతికి అడ్డం పడుతూ వచ్చిన మాట ఒకటుంది. ఇంగ్లీషులో దానికి మూడే అక్షరాలు. బ్యాన్. పుస్తకం బ్యాన్, సంస్థ బ్యాన్, బీఫ్ బ్యాన్, హిజాబ్ బ్యాన్, తలాక్ బ్యాన్. మా పేరుకు ముందో వెనకో ఈ మాట తగులుకునే ఉంటుంది. బ్యాన్ చెయ్యమని అడిగేవాళ్లు వీళ్లే అంటారు, బ్యాన్ చెయ్యవలసింది వీళ్లనే అనీ అంటారు. అందుకే ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు అడిగే హక్కు మాకు అందరికన్నా కాస్త ఎక్కువే ఉందనుకుంటాం.

పాత ఇంగ్లీషులో బన్నన్ అనే క్రియ ఉండేది. దానికి నిషేధించడం అనే అర్థం లేదు. పిలిపించడం, ఆజ్ఞ ఇవ్వడం, నలుగురూ వినేలా చాటడం దాని అర్థాలు. మన ఊళ్లలో డప్పు కొట్టి వేసే దండోరా లాంటిది. ఉర్దూలో ఏలాన్ అంటాం. స్కాండినేవియా నుంచి ఇంగ్లాండుకు వచ్చిపడ్డవాళ్ల భాషలో ఇలాంటిదే బన్నా అనే మాట ఉండేది. దానికి వద్దనడం, శపించడం అని అర్థాలు. ఈ రెండూ కలిసిపోయాయి. షేక్స్‌పియర్ నాటకాల్లో బ్యాన్ అంటే శాపమే. ఇంకా లోపలికి తవ్వితే మాట్లాడడం అనే అర్థమున్న ఒక పాత ధాతువు తగులుతుంది. సంస్కృతంలోని భణ్ ధాతువునూ, మన పండితులు వాడే భణితినీ కూడా భాషావేత్తలు ఆ కుదురుకే చేరుస్తారు. అంటే బ్యాన్ మొదట నోటికి సంబంధించిన మాట. ఒకరు లేచి, నలుగురి ముందు, గొంతు విప్పి చెప్పాలి. చెప్పింది ఎవరో అందరికీ తెలిసేది.

దాని తోబుట్టువుల్ని చూడండి. చర్చిలో పెళ్లికి ముందు ఫలానావారికి పెళ్లి, అభ్యంతరముంటే చెప్పండి అని మూడు ఆదివారాలు చదివే ప్రకటనను ఇంగ్లీషులో బాన్స్ అంటారు. నికా దాచిపెట్టి చేసేది కాదు, ఏలాన్ కావాలి అని మా పెద్దలు అనేదీ అదే. ఇద్దరిని కలపడానికీ ఈ మాటే! ఫ్రాన్సులో దొర ఆజ్ఞ ప్రకారం ఊరంతా దొర మరలోనే పిండి పట్టించుకోవాలి, దొర పొయ్యిలోనే రొట్టె కాల్చుకోవాలి. దొర ఆజ్ఞ బాన్ కాబట్టి ఆ మర, ఆ పొయ్యి బనాల్ అయ్యాయి. ఊరందరిదీ కాబట్టి మామూలుది, మామూలుది కాబట్టి చప్పటిది. చప్పటి రాతను ఇంగ్లీషువాళ్లు ఈనాడు బనాల్ అనడం వెనక కథ ఇది. గడీల కింద బతికిన తెలంగాణకు విడమరిచి చెప్పనక్కరలేదు. బాండిట్ ఇటలీ నుంచి వచ్చింది. దొంగ అని కాదు, చాటింపు వేసి వెళ్లగొట్టబడినవాడని దాని మొదటి అర్థం. ముందు వెలి, ఆ తర్వాతే బందిపోటుతనం. ఈ ఒక్క వరస మీద మేము చాలాసేపు ఆగిపోయాం.

మా చెవికి బ్యాన్, బంద్ ఒకేలా వినిపిస్తాయి గానీ వాటికి చుట్టరికం లేదు. బంద్ ఫార్సీది, కట్టడం అని అర్థం. ఒకటి నోటిది, ఇంకొకటి తాడుది. ఉర్దూ పత్రికలు బ్యాన్‌కు రాసే పాబందీ కూడా తాడు మాటే. పా అంటే పాదం. కాలికి కట్టు. కానీ ఐదు పూటలా నమాజు తప్పనివాణ్ని నమాజ్ కా పాబంద్ అంటాం, వేళ తప్పనివాణ్ని వక్త్ కా పాబంద్ అంటాం. తన కాలికి తాను కట్టుకుంటే గౌరవం, ఇంకొకడు కడితే పాబందీ. హరామ్ సంగతీ అలాంటిదే. ఎహ్తెరామ్, హుర్మత్, పీర్ల పండుగ వచ్చే ముహర్రం అన్నీ ఆ ధాతువు పిల్లలే. ముట్టకూడనిదీ పవిత్రమైనదీ పక్కపక్కనే కూచున్నాయి. ఇక ఇంట్లో అమ్మీ వాడే మాట నక్కో. దాన్ని బ్యాన్ అని ఎవరూ అనరు. ఇంగ్లీషులోనూ తల్లి పిల్లాణ్ని ఫర్బిడ్ చేస్తుంది, సర్కారు బ్యాన్ చేస్తుంది. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసి, ఏ రూపంలో పాటించినా ఫర్బిడెన్ అంది. ప్రొహిబిట్ అనేది సారాకూ మద్యానికీ బాగా అలవాటైన మాట. ఇన్ని రకాల వద్దులు తెలుగు డెస్కులోకి వచ్చేసరికి ఒక్క నిషేధంలో మునిగిపోతాయి. మరీ తొందరైతే బ్యాన్ అనే వేసేస్తారు.

వేసేస్తారు అనడం అన్యాయం. మేమూ వేశాం. ఒకసారి పెళ్లి బరాత్‌లో బాజాల గురించి ఎవరో అడిగితే ఒక ముఫ్తీసాబ్ మక్రూహ్ అని జవాబిచ్చారు. అంటే ఇష్టం కానిది, మానుకుంటే మేలు. ఆ వార్త మా చేతిలో పడింది. శీర్షికలో మక్రూహ్ పట్టదు, పట్టినా సగం మందికి తెలియదు. బ్యాన్ పడుతుంది. 'ముస్లిం పెళ్లిళ్లలో బాజాలు బ్యాన్' అని పెట్టాం. మర్నాడు మా గల్లీలో మర్ఫా వాయించే ముసలాయన ఆపి అడిగాడు: "క్యా భాయ్, హమారా ధందా బంద్ కర్‌దియే?" బ్యాన్ చేసింది ముఫ్తీ కాదు, మేము. ఆయనకు ఏమని చెప్పాలి?

విచిత్రమేమంటే ఈ మాట పాత అర్థాన్ని పత్రికలు మరచినా చట్టం మరవలేదు. 1992 డిసెంబరు 10న, బాబ్రీ కూలిన నాలుగో రోజున, కేంద్రం ఐదు సంస్థల్ని బ్యాన్ చేసిందని రాశారు. కూల్చిన పరివారంతో పాటు, తూకం సరిపోవాలన్నట్టు, జమాతే ఇస్లామీ హింద్‌నూ చేర్చారు. 1967 నాటి ఆ చట్టంలో వాడిన క్రియ డిక్లేర్. చట్టవిరుద్ధమని ప్రకటించాలి, గెజిట్లో అచ్చువేయాలి, కారణాలు చెప్పాలి, ట్రిబ్యునల్ ముందు నిలబెట్టుకోవాలి. జమాత్ మీద ఆ ప్రకటన 1994 డిసెంబరులో సుప్రీంకోర్టు ముందు నిలవలేదు. అంటే నోరు విప్పి చాటినవాడు జవాబూ చెప్పాలన్నమాట.

శీర్షికల్లో ఆ బాధ్యత కరిగిపోతుంది. ఆంధ్రప్రదేశ్ 1977 చట్టం నిషేధించింది ఆవుల్ని, దూడల్ని కోయడాన్ని. పనికిరాని బర్రెకు సర్టిఫికెట్ తెచ్చుకుంటే కోయవచ్చు. కానీ బీఫ్ బ్యాన్ అనే రెండు మాటలు మా వంటింట్లో ఉడికే బడే కా గోష్ మొత్తాన్నీ నేరం చేసి పెడతాయి. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. 2022 ఫిబ్రవరి 5న కర్ణాటక ప్రభుత్వం యూనిఫారం గురించి అంటూ ఉత్తర్వు ఇచ్చింది. పత్రికలు హిజాబ్ బ్యాన్ అన్నాయి. ఇక్కడ పత్రికలదే నిజం. ఆడపిల్లను కాలేజీ గేటు దగ్గర ఆపేశాక ఆ కాగితం మీద ఏ పేరుంటే ఏమిటి? అదే ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు చెప్పారు.

చివరికి ఆ పుస్తకం. 1988 అక్టోబరు 5న రాజీవ్ గాంధీ ప్రభుత్వం సల్మాన్ రష్దీ 'సటానిక్ వర్సెస్' దిగుమతిని కస్టమ్స్ చట్టం కింద ఆపింది. ఖొమైనీ ఫత్వా వచ్చింది 1989 ఫిబ్రవరిలో. ఈ రెంటినీ కలిపి చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పుస్తకం ఆపాలని అడిగినవాళ్లలో ముందున్న సయ్యద్ షహాబుద్దీన్ దాన్ని తాను చదవలేదనీ, చదవబోననీ బాహాటంగానే రాశాడు. మా బస్తీలో అప్పట్లో 'కితాబ్ పే పాబందీ' అని పెద్దలు తృప్తిగా అనుకోవడం మాకు పిల్లప్పటి జ్ఞాపకం. వాళ్లలోనూ ఎవరూ చదివి ఉండరు. చదవకుండా ఆపమనడం తప్పని మేము ఆలస్యంగానే నేర్చుకున్నాం.

2019లో ఒక పాఠకుడు ఆ నోటిఫికేషన్ చూపించండి అని ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాడు. నంబరు ఉంది, తేదీ ఉంది. కాగితం మాత్రం ఏ శాఖా తెచ్చి చూపలేకపోయింది. అలాంటిది లేదనే అనుకోక తప్పదని 2024 నవంబరులో కోర్టు కేసు ముగించింది. ముప్ఫయ్యారేళ్ల పాటు దేశం పాటించిన చాటింపుకు కాగితం దొరకలేదు, వేసినవాడూ ముందుకు రాలేదు. అడిగినవాళ్లం కాబట్టి మేము మాత్రం ఎప్పుడు వెతికినా దొరుకుతాం.

2024 డిసెంబరులో ఢిల్లీలో ఆ పుస్తకం అమ్మకానికి పెట్టారు. ధర 1,999 రూపాయలు. మేము ఇంకా కొనలేదు.