విలాప కావ్యం: దుఃఖం మాటగా మారే పద్ధతి

ఆత్మీయుల మరణం తరువాత ప్రాచీన కావ్యాలను తెరిచేవారు సాధారణంగా ఓదార్పు కోసం, అంటే శరీరం అనిత్యమనీ పుట్టినవారు గిట్టక తప్పదనీ చెప్పే వేదాంత భాగాల కోసం వెతుకుతారు గాని, ఆ భాగాలకు ముందుండే విలాపాలను కథకు అడ్డుపడే ఏడుపుగా భావించి దాటిపోతారు. రామాయణ భారతాలలో మొదలై కాళిదాసు, తిక్కనల మీదుగా ఇరవయ్యో శతాబ్దపు తెలుగు స్మృతికావ్యం దాకా వచ్చిన సంప్రదాయంలో బరువంతా మోసేది ఆ విలాపమే. ఓదార్పు అనేక చోట్ల ఓడిపోతుంది, ఓడిపోయిందని కవులే చెబుతారు. విలాపమంటే మరణించినవారిని ఎదురుగా నిలుపుకొని బతికి ఉన్నవారు పలికే మాటల వరుస. దానికి లక్షణాలున్నాయి, ఛందస్సు ఉంది, విమర్శకుల ఆక్షేపణలు కూడా ఉన్నాయి.

నాట్యశాస్త్రంలో భరతుడు కరుణ రసానికి శోకాన్ని స్థాయీభావంగా, అంటే రసంగా పరిణమించే మూల భావంగా చెప్పి, కన్నీరు, నోరు ఎండిపోవడం, ముఖం వివర్ణం కావడం, అవయవాలు సడలడం, నిట్టూర్పు, జ్ఞాపకం తప్పడం వంటి బాహ్య చిహ్నాలను లెక్కించాడు. అంతకంటే ముఖ్యమైనది కరుణకూ, ఎడబాటును వర్ణించే విప్రలంభ శృంగారానికీ ఆయన చూపిన భేదం. విప్రలంభంలో తిరిగి కలుసుకుంటామన్న అపేక్ష మిగిలి ఉంటుంది. కరుణలో అది ఉండదు. విలాపం చేసేవారి కష్టం ఇక్కడే ఉంది, ఎందుకంటే వారు వాడేది ఎదుటివారిని పిలిచే భాష, ఆ పిలుపుకు జవాబు రాదని వారికి ముందే తెలుసు.

కాళిదాసు రఘువంశం ఎనిమిదో సర్గలోని అజవిలాపం ఈ కష్టాన్ని పూర్తిగా వాడుకున్న రచన. ఉద్యానవనంలో ఉన్న ఇందుమతి మీద నారదుని వీణ నుంచి జారిన దివ్యమాల పడుతుంది, ఆమె ప్రాణం విడుస్తుంది, భర్త అయిన అజ మహారాజు ఆమెను ఒడిలోకి తీసుకొని మాట్లాడటం మొదలుపెడతాడు. పువ్వులే ప్రాణం తీయగలిగితే ఆయుధం కానిదేదని అడుగుతాడు, అదే మాలను తన గుండెల మీద పెట్టుకొని తానెందుకు చావడం లేదని ఆశ్చర్యపోతాడు, ఆమె గొంతు కోయిలలకూ నడక హంసలకూ చూపు లేళ్ళకూ పంచి వెళ్ళినా అవేవీ తనను నిలబెట్టలేవంటాడు, ఆమె తనకు ఇల్లాలు మాత్రమే కాక మంత్రి, చెలికత్తె, కళలలో శిష్యురాలు కూడా అని ఒక్కొక్క బంధాన్నీ విడివిడిగా పేర్కొంటాడు. మరణంలో పోయేది ఒక మనిషే అయినా తెగేవి అనేక సంబంధాలని ఈ లెక్కింపు తెలియజేస్తుంది. కవి దీనికి ఎంచుకున్న వృత్తం వియోగిని. బేసి పాదాలలో పది, సరి పాదాలలో పదకొండు అక్షరాలుండే అర్ధసమ వృత్తం కావడం వల్ల నడక ఒక పాదంలో ఆగినట్టూ మరుసటి పాదంలో సాగినట్టూ ఉంటుంది. కుమారసంభవంలోని రతివిలాపానికీ కాళిదాసు ఇదే వృత్తాన్ని వాడాడు.

విలాపం ముగిశాక, యజ్ఞదీక్షలో ఉన్నందువల్ల స్వయంగా రాలేని వసిష్ఠుడు శిష్యుని చేత సందేశం పంపుతాడు. ఇందుమతి శాపవశాన భూమికి వచ్చిన అప్సరస అన్న కారణం అందులో ఉంది, మరణమే దేహధారులకు సహజమన్న తత్త్వం ఉంది, బంధువుల కన్నీరు మరణించినవారిని దహిస్తుందన్న హెచ్చరిక ఉంది. అజుడు మర్యాదగా విని శిష్యుణ్ణి సాగనంపుతాడు గాని, ఆ మాటలకు అతని హృదయంలో చోటు దొరకక అవి గురువు దగ్గరకే తిరిగి వెళ్ళినట్టున్నాయని కవి రాస్తాడు. కుమారుడు చిన్నవాడు కాబట్టి అజుడు చిత్తరువులతో, కలలతో ఎనిమిదేళ్ళు గడిపి, తరువాత గంగా సరయూ సంగమంలో దేహం విడుస్తాడు. కారణం తెలిసినంత మాత్రాన దుఃఖం తగ్గదని ఇంత నిష్కర్షగా చూపిన ఘట్టం సంస్కృత కావ్యాలలో అరుదు.

విలాపానికి మరో లక్షణం నిందించడం. మరణించినవారిని పొగడటంతో ఆగక, చెప్పిన మాట వినలేదని, తమను వదిలిపోయారని తప్పు పట్టడం విలాపంలో తప్పనిసరిగా కనిపిస్తుంది. రామాయణంలో మండోదరి రావణుని శవం ముందు, పూర్వం తపస్సు కోసం అతడు జయించిన ఇంద్రియాలే ఆ పగ గుర్తుపెట్టుకొని ఇప్పుడు అతణ్ణి ఓడించాయంటుంది. ఇది ప్రేమ ఉన్నవారు మాత్రమే చేయగల అభియోగం. తెలుగు పల్లెల్లో శవం దగ్గర కూర్చొని శోకాలు పెట్టే స్త్రీలు, రాగాలు తీస్తూ చనిపోయినవారిని వరుస పెట్టి పిలిచి, చేసిన మేళ్ళు చెప్పి, వెంటనే నిష్ఠూరాలాడటంలో ఉన్నదీ ఈ క్రమమే. కావ్యాల విలాపానికీ వారి శోకానికీ భాషలో తేడా ఉందే తప్ప నిర్మాణంలో లేదు.

పదకొండో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో రసదోషాలను చెబుతూ, ఒకే రసాన్ని మళ్ళీ మళ్ళీ ఉద్దీపింపజేయడాన్ని వాటిలో చేర్చి, దానికి రతివిలాపాన్నే ఉదాహరణగా చూపాడు. చదువరి విసుగు దృష్ట్యా ఆయన తీర్పు సరైనదే కావచ్చు గాని, దుఃఖం స్వభావం దృష్ట్యా కాదు. భర్త మన్మథుణ్ణి కోల్పోయి విలపించి కొంత సద్దుమణిగిన రతి, అతని మిత్రుడైన వసంతుడు కనిపించగానే గుండెలు బాదుకొని మళ్ళీ మొదటికి వస్తుంది; పరామర్శకు వచ్చిన ప్రతి కొత్త ముఖాన్నీ చూసి ఇంటివారి ఏడుపు తిరగబెట్టడం అందరూ ఎరిగినదే.

ఇవన్నీ విస్తారంగా కలిసిన చోటు మహాభారతంలోని స్త్రీపర్వం. పదమూడో శతాబ్దంలో తిక్కన తెలిగించిన పదిహేను పర్వాలలో ఇది రెండే ఆశ్వాసాల చిన్న పర్వం. పెళ్ళి నాటి నుంచి కళ్ళకు గంతలు కట్టుకొన్న గాంధారికి వ్యాసుని వరం వల్ల దూరాన ఉన్న కురుక్షేత్రం కనిపిస్తుంది. ఆమె తన శోకాన్ని సూటిగా చెప్పుకోకుండా, ఒక్కొక్క శవాన్నీ దాని పక్కనున్న స్త్రీనీ కృష్ణునికి చూపుతూ పోతుంది. అభిమన్యుని కవచం విప్పి గాయాలు చూస్తూ, తమ కాపురం ఆరు నెలలకే ముగిసిందని ఉత్తర పలకడం వ్యాసుని మూలంలో ఉంది. తెగిన భూరిశ్రవుని చేతిని ఒడిలో పెట్టుకొన్న భార్య, సైంధవుని తల కోసం వెతికే దుస్సల వరుసగా కనిపిస్తారు. శత్రుపక్షపు కోడలి దుఃఖాన్నీ తన కోడళ్ళ దుఃఖంతో సమానంగా గాంధారి చేత చెప్పించడం ఈ పర్వపు గొప్పతనం. ఆ తరువాతనే ఆమె కోపం కృష్ణుని మీద శాపమై పడుతుంది. చివరి ఘట్టంలో ధర్మరాజు మృతులకు జలతర్పణం చేస్తుండగా, కర్ణునికీ నీళ్ళు వదలమని, అతడు మీకు అన్న అని కుంతి బయటపెడుతుంది. ధర్మరాజు శోకం అక్కడ కొత్తగా మొదలవుతుంది, శాంతిపర్వపు సుదీర్ఘమైన బోధ అంతా ఆ శోకానికి జవాబు వెతుకుతూ పుట్టినదే.

విలాపం ప్రయోజనాన్ని సూత్రంగా చెప్పినవాడు భవభూతి. ఉత్తరరామచరితం మూడో అంకంలో ఒక పాత్ర, చెరువు నిండి పొంగినప్పుడు అలుగు పారించడమే ఉపాయమైనట్టు, శోకంతో కలగిన హృదయం ప్రలాపాల వల్లనే నిలుస్తుందని అంటుంది. అలుగు చెరువును ఖాళీ చేయదు, కట్టను కాపాడుతుంది; కవి వాగ్దానం చేసినది అంతే, మరిపిస్తానని ఆయన చెప్పలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో విలపించే పాత్ర స్థానంలోకి కవి తానే వచ్చాడు. భార్య మరణంపై విశ్వనాథ సత్యనారాయణ వరలక్ష్మీ త్రిశతి రాశాడు, తల్లి మరణంపై నాయని సుబ్బారావు మాతృగీతాలు రాశాడు. 1937లో మరణించిన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావును సంబోధిస్తూ శ్రీశ్రీ రాసిన గీతం 1950లో వెలువడిన మహాప్రస్థానానికి అంకిత గీతమైంది. పేరు తెచ్చుకోకుండానే పోయిన మిత్రుణ్ణి పిలవడం, ఎవరి తొందరలో వారున్న లోకాన్ని తిట్టడం అందులో కలిసే సాగుతాయి. మండోదరి భర్తపై మోపిన అభియోగాన్ని శ్రీశ్రీ సమాజంపైకి మళ్ళించాడు. పద్యం వదిలినా విలాపపు అంగాలను ఆయన వదల్లేదు.

నేడు దుఃఖం గురించి మాట్లాడేవారు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో చెప్పిన ఐదు దశలను తరచు ఉదహరిస్తారు. ఆమె వాటిని మొదట మరణానికి చేరువైన రోగుల గురించి చెప్పిందన్న సంగతి మరుగున పడింది. మెట్లెక్కినట్టు దుఃఖం దాటాలన్న ఆ ఒత్తిడి విలాప కావ్యాలలో లేదు. స్త్రీపర్వాన్ని తాత్పర్యంతో సహా చదవదలచినవారికి తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురించిన కవిత్రయ భారతం అందుబాటులో ఉంది. మౌనంగా కాక, పద్యాలను గొంతెత్తి చదువుకోవడం మంచిది.