కథానాయిక చెవులు నొప్పెట్టవా?

నవలలు రాసేవాళ్ళని విమర్శకులు రకరకాల ప్రశ్నలడుగుతారు. సామాజిక స్పృహ ఏదీ అంటారు, శిల్పం ఏదీ అంటారు. వాళ్ళెవరికీ తట్టని ప్రశ్న ఒకటి మా పిన్ని నన్నడిగింది. వారపత్రికలో వస్తున్న నా సీరియల్ ఆ వారం భాగం పూర్తిచేసి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "ఏమే, ఆ పిల్ల మూడోవారం నించీ ఆ లోలాకులు పెట్టుకునే వుంది. వంట చేస్తోంది, బస్సెక్కుతోంది, ఏడుస్తోంది, నిద్దరోతోంది. దాని చెవులు నొప్పెట్టవూ?" అంది.

అప్పటికి నవ్వేశాను గానీ, రాత్రి నిద్ర పట్టలేదు. లేచి బీరువాలోంచి నా నవలలు తీసి ఒక్కొక్కటే తిరగేశాను. తొమ్మిది నవలల్లో పదహారు చోట్ల లోలాకులు వూగాయి. పదహారింటిలో పద్నాలుగుసార్లు వాటిని చూస్తున్నది మగవాడు. ఒక్కచోటైనా ఆ పిల్ల వాటిని ఇంటికొచ్చి తీసి, చెవి తమ్మె నలుపుకుని, "అమ్మయ్య" అనుకోలేదు. ఏ ఆడదైనా పెళ్ళి నించి ఇంటికొచ్చి చేసే మొదటి పని అదే కదా!

నన్నొక్కదాన్నే అనకండి. మన నవలల్లో లోలాకులంటే నగ కాదు, నాయిక మనసుకి పెట్టిన మీటరు. సిగ్గుపడితే మెల్లగా వూగుతాయి. కోపమొస్తే చెంపలకి కొట్టుకుంటాయి. ఆమె లేదు అని తల అడ్డంగా వూపితే లోలాకులు మాత్రం అవును అంటాయి (ఈ చమత్కారం నేను రెండుసార్లు వాడుకున్నాను, క్షమించాలి). వయసుని బట్టీ, గుణాన్ని బట్టీ పంపకం కూడా వుంది. నాయికకి లోలాకులు, అత్తగారికి రవ్వల దుద్దులు, చెడ్డమనిషికి భుజాల దాకా దిగే పెద్ద రింగులు. సినిమాల్లోనూ ఇదే పంపకం. రింగులు కనిపించగానే మనం సీట్లో సర్దుకుని కూర్చునేవాళ్ళం, ఇక సంసారం కూలుతుందని.

చిత్రకారులు మనకంటే అదృష్టవంతులు. బాపు బొమ్మ చెవికి ఎంత పెద్ద జూకా వేలాడినా బరువుండదు, అది ఒక గీత. దేశం కాని దేశంలో, హాలండులో, వెర్మీర్ అనే ఆయన 1665 ప్రాంతంలో ఒక అమ్మాయి బొమ్మ వేశాడు. తలకి నీలం గుడ్డ చుట్టుకుని, వెనక్కి తిరిగి చూస్తూ, చెవికి కన్నీటి బొట్టంత నిండుగా ఒక ముత్యం. ఇప్పుడది హేగ్ నగరం మ్యూజియంలో వుంది. అక్కడివాళ్ళు ఆ బొమ్మని రకరకాల యంత్రాలతో పరీక్షించి 2020లో ఒక సంగతి చెప్పారు. ఆ ముత్యానికి కొక్కెం లేదట! చెవికి తగిలించిన తీగ గానీ, ముత్యం చుట్టూ అంచు గానీ వెయ్యలేదు. తెల్లరంగు మెరుపులు రెండు, అంతే. మిగతాదంతా చూసేవాళ్ళ కళ్ళే పూర్తిచేసుకున్నాయి. అది చదివి నాకు నా పదహారు లోలాకులు జ్ఞాపకమొచ్చాయి. వాటికీ కొక్కేలు లేవు. ఆయనకి చెల్లింది గాని, నాకు చెల్లదు. నేను చెవులున్నదాన్ని.

చెవి తమ్మెలో ఎముక వుండదు, పైచెవికుండే మెత్తటి ఎముక కూడా వుండదు. వట్టి చర్మం, కాస్త కొవ్వు. బరువు వేస్తే సాగుతుంది, సాగిన తూటు మళ్ళీ తనంతట తాను పూడదు. డాక్టరు దగ్గరికి వెళ్ళి కుట్లు వేయించుకుని, కొన్నాళ్ళాగి మళ్ళీ కుట్టించుకోవాలి. ఈ సంగతి మన ముత్తవ్వలకి ఏ డాక్టరూ చెప్పకుండానే తెలుసు. అందుకే మాటీలు పుట్టాయి. జూకా పైనించి జుట్టులోకి వెళ్ళే ఆ గొలుసు అందం కోసం అనుకుంటారు. కాదు, అది కూలి మనిషి. చెవి మొయ్యాల్సిన బరువులో సగం తీసుకెళ్ళి జుట్టుకి అప్పగిస్తుంది. హైదరాబాదు పాత కుటుంబాల్లో చాంద్‌బాలీలకి తగిలించే ముత్యాల 'సహారా' చేసే పనీ అదే, పేరులోనే ఆసరా వుంది. లంబాడీ స్త్రీలు మరీ తెలివైనవాళ్ళు. చెంపల పక్కన గలగలలాడే ఆ వెండి టోప్లీలని అసలు చెవి జోలికే పోనివ్వరు, నేరుగా జుట్టుకే కట్టుకుంటారు.

ఇప్పటి పిల్లలు బుట్టలు పెద్దవి కొంటున్నారు, మాటీలు ఓల్డ్‌ఫాషన్ అంటున్నారు. పైగా జుట్టు విరబోసుకుంటారు, మాటీ పెడదామన్నా పట్టుకునేదేదీ? బుట్టలు పెట్టాలనుకున్నరోజు జడో ముడో వుండాలి. లేదూ, జుట్టు వదిలేస్తానంటే సన్నటి గొలుసు లోలాకులు చాలు. రెండూ కావాలంటే రాత్రికి చెవులు ఎర్రగా వాచి కూర్చుంటాయి.

కొట్లో అమ్మే అమ్మాయి జూకా తీసి మన చెవి పక్కన పట్టుకుని అద్దం చూపిస్తుంది. అక్కడే మోసపోతాం. బరువు ఆ అమ్మాయి వేళ్ళ మీద వుంది, అందం మన ముఖం మీద వుంది! పెట్టి చూపించమనండి. పెట్టుకుని మెడ అటూ ఇటూ తిప్పండి, వంగి లేవండి, పక్కవాళ్ళతో రెండు నిముషాలు మాట్లాడండి. జత కాదు, ఒక్కదాని బరువెంతో అడగండి. రాళ్ళ బరువు విడిగా తూచి చెప్పమనండి, లేకపోతే రాయికి బంగారం ధర ఇచ్చుకుంటాం. హాల్‌మార్కు 2021 జూన్ నించి విడతలవారీగా తప్పనిసరి చేశారు గాని, రెండు గ్రాముల లోపు వస్తువులకి మినహాయింపు వుంది. చిన్నపిల్లలకి కొనే బుల్లి లోలాకులు చాలాసార్లు ఆ లెక్కలోకే వస్తాయి. కాబట్టి చిన్నదే కదా అని అలుసు చెయ్యకండి. చిలకలపూడి బంగారమైతే ఈ బాధ లేదు, పెళ్ళికి బ్రహ్మాండంగా వుంటుంది. కాని పైపూత అరిగి లోపలి లోహం పడక చెవి దురద పెడితే, మర్నాడు ఏ నగా పెట్టుకోలేరు.

సందర్భాన్ని బట్టి పెట్టుకోవాలంటారు. సందర్భమంటే ఎదటివాళ్ళు మనని చూసేది అనుకుంటాం. నేనైతే ఆ పూట నా తల, చేతులు ఏ పని చెయ్యబోతున్నాయో చూసుకోమంటాను. పసిపిల్ల ఒళ్ళో వుంటే లోలాకు వద్దు, ఆ గుప్పిట్లో ఎంత బలముంటుందో తల్లులకి చెప్పక్కర్లేదు. హెల్మెట్ పెట్టుకుని స్కూటరు నడిపే ఉద్యోగస్తులు లోలాకులు పర్సులో వేసుకెళ్ళి ఆఫీసు మెట్ల దగ్గర పెట్టుకోవడం మేలు. 2020లో మాస్కులు తీసేటప్పుడు మనలో ఎంతమంది లోలాకు కూడా లాగేసుకున్నామో! ఇక నా భాగోతం వినండి. ఒక సాహిత్య సభలో 'స్త్రీ నిశ్శబ్దం' మీద మాట్లాడటానికి చిరుమువ్వల బుట్టలు పెట్టుకుని వెళ్ళాను. మైకుని జాకెట్టుకి తగిలించారు. నిశ్శబ్దం గురించి నేను మాట్లాడినంతసేపూ నా చెవులు గజ్జెలు కట్టి ఆడాయి. మొదటి వరసలో ఒకాయన చివరిదాకా నవ్వాపుకోలేకపోయారు.

పరామర్శకి వెళ్ళేటప్పుడు మాత్రం మనసే చెబుతుంది. ఒకసారి పెళ్ళి భోజనాల మధ్య కబురొచ్చి, అటునించి అటే ఆటోలో బయల్దేరి, దారిలో లోలాకులు తీసి రుమాల్లో చుట్టాను. తిరిగొచ్చి చూస్తే ఒక్కటే వుంది. మీ పెట్టెలోనూ ఒంటి లోలాకు వుండే వుంటుంది, లేని ఇల్లుండదు. 1966లో వచ్చిన 'మేరా సాయా' సినిమాలో బరేలీ బజారులో జుంకా పడిపోవడం ఒక సరసమైన పాట. ఆ పాట పుణ్యాన 2020లో బరేలీ వాళ్ళు కూడలిలో ఓ పెద్ద జుంకానే నిలబెట్టుకున్నారు. బాగానే వుంది. కాని జుంకా పారేసుకున్న ఆడది ఇంటికెళ్ళి ఏం జవాబు చెప్పుకుందో మనకి తెలుసు. బంగారమైతే అది ఆమె చేతిలో వున్న ఒక్క ఆస్తీ కావచ్చు.

మా పిన్నికి అలాంటి ఆస్తే వుండేది. రెండు కాసుల జూకాలు, మాటీలతో సహా, మా అమ్మమ్మ పెట్టినవి. పిన్ని ముప్ఫయ్యారో ఏట బాబాయి పోయాడు. ఎవరూ వాటిని లాక్కోలేదు, ఏమీ అనలేదు. పదిహేను రోజులకి మా పెద్దత్త ఒక జత చిన్న దుద్దులు తెచ్చి, "ఇవి హాయిగా వుంటాయమ్మా" అని ఒళ్ళో పెట్టింది, అంతే. జూకాలు పెట్టెలోకి వెళ్ళాయి. పెట్టెలోంచి రెండుసార్లు బ్యాంకుకెళ్ళాయి, కూతురి కాలేజీ ఫీజు కోసం. రెండుసార్లూ పిన్ని బడిపంతులమ్మ జీతంలోంచి కట్టి విడిపించుకుంది. పెట్టుకోవడానికి మాత్రం పనికిరాని నగలు అవి.

ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా నా సీరియల్లో నాయిక వదినగారికి ముప్ఫయ్యయిదో ఏట భర్త పోతే, తరవాతి వారం ఆవిణ్ణి "చెవులకి చిన్న దుద్దులతో" ప్రవేశపెట్టాను. ఒక్క మాట. అది రాసేటప్పుడు కలం ఆగలేదు.

పిన్ని ఆ భాగం చదివి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఆవిడవి ఎవరు తీశారే?" అంది.

"ఏవి పిన్నీ?"

"అంతకుముందు వారం గుడికెళ్ళినప్పుడు బుట్టలున్నాయిగా ఆవిడకి. నువ్వే రాశావు. ఈ వారం లేవు. ఎవరు తీశారో రాయలేదే?"

నాకు జవాబు లేదు. మా పెద్దత్త కనీసం నడిచొచ్చి, ముఖం ఎదటికొచ్చి ఇచ్చింది. నేను ఆ మాత్రం కూడా చెయ్యలేదు, వారానికీ వారానికీ మధ్య తీసేశాను. నాయిక లోలాకులు పదహారుసార్లు వూగితే రాశాను గాని, ఒక మనిషి చెవులు ఖాళీ అవడం రాయడానికి నాకు అరపేజీ కూడా దొరకలేదు. పుస్తకంగా వేసినప్పుడు అక్కడ నాలుగు పేజీలు చేర్చాను. అవి బాగున్నాయని చెప్పను. ఆవిడ అద్దం ముందు మర విప్పుకుంటుంది, అది ఎంతకీ తిరగదు, అంతే అందులో వున్న కథ.

మొన్న మాఘంలో పిన్ని కూతురి పెళ్ళి. ముహూర్తం తెల్లవారుఝామున. విడిది గదిలో నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే పిన్ని తన పెట్టె తీసి, పాత పసుపురంగు గుడ్డమూట విప్పింది. అవి కూతురికి పెడుతుందనుకున్నాను. తను గోడనున్న అద్దం ముందు కూర్చుని, దుద్దులు తీసి నా చేతిలో పెట్టి, జూకాలు తగిలించుకోవడం మొదలుపెట్టింది. ఒక్కరోజూ పెట్టని మరలు మొరాయించాయి. కొబ్బరినూనె చుక్క వేసి తిప్పాం. గుమ్మంలో మా పెద్దత్త నిలబడి వుంది. ఎనభై దాటిన మనిషి, కర్ర పట్టుకుని. చూసింది. పిన్నీ అద్దంలో ఆవిణ్ణి చూసింది. ఆవిడ ఏమంటుందోనని నా గుండె దడదడలాడింది. ఏమీ అనకుండా కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది. ఇష్టపడిందో, నొచ్చుకుందో ఇప్పటికీ నాకు తెలియదు.

మాటీల కొసలు జుట్టులో గుచ్చడం నా వంతు. పిన్ని జుట్టు పల్చబడింది, పిన్ను నిలవడంలేదు. పైన మరో రెండు స్లైడ్లు పెట్టి బిగించాను.

"కుడివైపుది ఇంకాస్త పైకి పెట్టవే," అంది పిన్ని తల వంచి, "బరువంతా చెవికే వస్తోంది."